రంగూన్ పోయిన పరదాదా: ఏ రంగూన్?

మన ఖాందాన్లలో ఒక పరదాదా లెక్కకు తక్కువ పడతాడు. షజరా రాసుకుంటూ పోతే ఆయన పేరు దగ్గర కలం ఆగుతుంది. ఏ ఖబరస్తాన్‌లో ఉన్నాడని అడిగితే "రంగూన్ పోయిండు, మళ్ల రాలే" అంటారు. అంతే. మా సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు దుబాయి పోయినవాళ్ల సంగతి అందరికీ తెలుసు. దుబాయికి ముందటి పర్దేశ్ మాత్రం ఈ ఒక్క ముక్కలోనే మిగిలింది.

ఆ ముక్కను పట్టుకుని బర్మా వైపే వెతకడం తొందరపాటు. ఇంట్లో చెప్పుకునే రంగూన్ ఊరి పేరే కానక్కర్లేదు, దూరానికి పేరు కూడా. అది ఆఫ్రికా కావచ్చు, మారిషస్ కావచ్చు, ఈజిప్టు కూడా కావచ్చు. ఏ ముల్క్ అన్నది తేలాలంటే ముందు ఏ సాల్ అన్నది తేలాలి.

బోల్తా పడేది కూడా సాల్ దగ్గరే. పాత కాగజ్ మీద 1320 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే అది 1902-03. కానీ నిజాం సర్కారీ దఫ్తర్లు నడిచింది ఫస్లీ మీద. ఫస్లీకి 590 కలపాలి, అంటే 1910-11. ఎనిమిదేళ్ల తేడా! పక్కన ఆజూర్, దై, బహ్మన్ లాంటి నెల పేరుంటే ఫస్లీ, ముహర్రం, సఫర్ అని ఉంటే హిజ్రీ. జిల్లా పేరు సంగతీ ఇంతే. 1905కు ముందు మనది ఎలగందల్ జిల్లా. జాబితాలో కరీంనగర్ కనిపించలేదని దస్త్రం మూసేస్తే మనిషి అందులోనే ఉండిపోతాడు.

హైదరాబాద్ రియాసత్‌కు సముద్రం లేదు కాబట్టి మనవాడు మద్రాసో బొంబాయో చేరి జహాజ్ ఎక్కాలి. మద్రాసులో గిర్మిట్ రాసుకున్నాడంటే మన నసీబ్ బాగున్నట్టు. (ఆయన నసీబ్ కాదు, చెరకు తోటల్లో ఐదేళ్ల చాకిరీ అది.) 1860 నవంబర్ 16న ట్రూరో అనే జహాజ్ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా నాటాల్‌కు పోయినవాళ్లు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, జాతి, జిల్లా, ఊరు రాసుకున్నారు. మారిషస్ పోయినవాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఫిజీకి మద్రాసు జహాజ్‌లు 1903లో మొదలయ్యాయి. అయితే మన పేర్లతో ఒక చిక్కుంది. షేక్ ఇమాం, షేక్ మదార్, సయ్యద్ హుసేన్ ఊరికి నలుగురుంటారు, పైగా గుమాస్తా తన చెవిన పడినట్టు రాశాడు. పేరొక్కటే కలిస్తే సంబరపడొద్దు. తండ్రి పేరు, ఊరు కూడా కలవాలి.

బర్మాది ఉల్టా కథ. 1937 ఏప్రిల్ 1 దాకా అది బ్రిటిష్ ఇండియాలోనే ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, డెక్ టికెట్ కొని ఎక్కడమే. అందుకే లక్షల మంది పోయినా మనిషి మనిషికీ కాగజ్ లేదు. 1942లో జపాన్ ఫౌజ్ వచ్చినప్పుడు కొండలు దాటి నడిచి వస్తూ దారిలోనే చనిపోయినవాళ్లున్నారు. "మస్తు వెతికినం, దొరకలే" అంటే పోలేదని కాదు.

ఫౌజీ అయితే వేరే దారి. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టులో, ఫలస్తీన్‌లో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. అవతల నిలబడింది ఖలీఫా ఫౌజ్. ఆ నౌకరీ సంగతి ఇంట్లో గట్టిగా చెప్పుకోకపోతే వింతేముంది?

ఇన్ని దేశాలు తిరిగే ముందు ఇంట్లోనే చూడాల్సింది ఒకటుంది. పోయినవాడినే వెతుకుతాం, ఇక్కడ మిగిలిన ఆయన బీబీని వెతకం. షజరాలో ఆమె పేరు కూడా రాయం. అలా జాడ లేకుండా పోయినవాడిని ఫిఖాలో మఫ్ఖూద్ అంటారు. పాత హనఫీ మాట ప్రకారం ఆయన ఈడువాళ్లందరూ పోయేదాకా, కొందరి లెక్కలో ఆయనకు 90 ఏళ్లు నిండేదాకా, ఆమె ఆయన నికాహ్‌లోనే ఉండాలి. ఇరవై ఏళ్ల పిల్ల ముసలిదయ్యేదాకా అన్నమాట. ఈ జుల్మ్ చూసే 1930ల్లో మౌలానా అష్రఫ్ అలీ థానవీ అల్ హీలతున్నాజిజా రాసి, మాలికీ మజ్‌హబ్‌లోని నాలుగేళ్ల గడువును హనఫీలకూ తెరిచారు. బ్రిటిష్ ఇండియాలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా నాలుగేళ్లు ఖబర్ లేకపోతే ఫస్ఖ్ అడిగే హక్కు ఇచ్చింది. డిక్రీ వచ్చాక ఆరు నెలల్లోగా భర్త తిరిగొచ్చి కాపురం చేస్తానని అదాలత్‌ను ఒప్పిస్తే అది రద్దవుతుంది.

అందుకని పరదాదీ మైకా ఏ ఊరో ముందు కనుక్కోండి. ఆమె రెండో నికాహ్ చేసుకుని ఉంటే సిగ్గుపడి దాచకండి, అది ఆమె హక్కు. ఆ ఊరి ఖాజీ ఇంట్లో పాత సియాహాలు మిగిలి ఉంటే ఆ నికాహ్ తారీఖు చూడండి. మఫ్ఖూద్ ఫత్వా మీద జరిగిన నికాహ్ అయితే, అక్కడి నుంచి కనీసం నాలుగేళ్లు వెనక్కి లెక్కపెట్టాలి. పరదాదా చివరి ఖత్ వచ్చింది అప్పుడో, ఇంకా ముందో.