రామకింకరుని సిమెంటు శిల్పములు, నీటిరంగుల చిత్రములు

శిల్పి వ్రాసిన నీటిరంగుల చిత్రములను విరామకాల వినోదములుగా నెంచి, శిల్పములను గూర్చి విపులముగా చర్చించిన పిదప వానికి చివర నొక పేరా విడుచుట మన కళావిమర్శకులకు వాడుక. రామకింకర్ బైజ్ విషయమున ఈ విభజనము పొసగదనియు, ఆ రెండు విధముల కృతులును ఒకే నిర్బంధమునుండి పుట్టినవనియు నా అభిప్రాయము.

1906లో వంగదేశమందలి బాంకురాలో నిరుపేద క్షురక కుటుంబమున జన్మించి, ఇరుగుపొరుగున ప్రతిమలు చేయువారిని చూచి మట్టిపని నేర్చి, జాతీయోద్యమ దినములలో నాయకుల చిత్రములు వ్రాయుచుండిన ఈ యువకుని, సంపాదకుడు రామానంద చటర్జీ గుర్తించి 1925లో శాంతినికేతనమునకు చేర్చెను. అచ్చటి కళాశాలయైన కళాభవనమున నందలాల్ బోసు ఆతనికి గురువు.

కంచు పోతపోయుటకు ధనము లేదు; సిమెంటు చౌక, ఎఱ్ఱకంకర ఆ నేలలోనే దొరకును. ఇనుపచువ్వలతో అస్థిపంజరమువంటి చట్రము కట్టి, కంకర కలిపిన సిమెంటును గుప్పిళ్ళతో దానిపై విసరికొట్టి, బిగియకముందే రూపమును తేల్చుట ఆతని పద్ధతి. రాతిని కొంచెము కొంచెముగా తొలుచు అమరావతి శిల్పుల ఓర్పు నెఱిగిన మనకు ఈ తొందర వింతగా తోచవచ్చును. కాని నీరు కలిపిన సిమెంటు గంట రెండు గంటలలో బిగియ నారంభించును. పిదప దిద్దుబాటు దుస్సాధ్యము. 1938 నాటి ‘సంతాల్ కుటుంబము’లో కావడిమోయు పురుషుడు, ఒక తట్టలో బిడ్డ, ప్రక్కన నడచు స్త్రీ, వెంట కుక్క—వలసపోవు శ్రామికులు, దేవతలకును ప్రభువులకును చెల్లు ప్రమాణమున నిలిచియున్నారు. గరుకుదనమును నునుపు చేయక విడుచుట అలసత్వము గాదు: ఆ కంకరయే వారు నడచు నేల. 1956 నాటి ‘మిల్లు పిలుపు’లో ఈ వేగము పరాకాష్ఠ నందినది; కూతవిని పరువెత్తు స్త్రీల వెనుక, గాలికి ఎగురు తడిచీరలు సిమెంటన్నమాట మఱచిపోవుదుము.

నీటిరంగునకును ఇదే నియమము. వంగ చిత్రకారుడైన అవనీంద్రనాథుని శిష్యపరంపర కాగితమును మఱల మఱల తడిపి, రంగును కడిగి, మంచుతెరవంటి మృదుత్వమును సాధించినది. రామకింకరుడు ఆ మార్గమును విడిచి, నిండుకుంచెతో ఒక్కసారిగా గీసి, తెల్లకాగితమును వెలుతురుగా వదలెను. పొలములు, చెట్లు, సంతాల్ స్త్రీలు అందు క్షణములో పట్టుబడినవి. వీనిని అసంపూర్ణములని ఆక్షేపించువారు, ఆరిన రంగుపై మఱల కుంచె పెట్టిన నేమగునో ఎఱుగనివారని నాకు తోచును.

ఈ వాదమునకు ప్రతికూలముగా ఢిల్లీ రిజర్వుబ్యాంకు ముందరి యక్ష యక్షిణులను చూపవచ్చును. ప్రాచీన శిల్పములైన పార్ఖం యక్షుని, బేస్‌నగర్ యక్షిణిని మాతృకలుగా గైకొని, ఏండ్లకొలది శ్రమతో చెక్కబడిన ఆ శిలామూర్తులు 1967 నాటికిగాని పూర్తికాలేదు. వానిలో గాంభీర్యము గలదు, ఆతని ఊపిరి మాత్రము పలుచన. కావున అవి నా వాదమును బలపఱచుచున్నవనియే చెప్పుదును.

1970లో పద్మభూషణ పురస్కారము నందిన రామకింకరుడు 1980లో మరణించెను. ఇకమీదట ఆతని ప్రదర్శనల నేర్పఱచువారు, ‘సంతాల్ కుటుంబము’ ఆరుబయట నిలిచియున్న కళాభవన ఆవరణముననే నీటిరంగుల చిత్రములనుగూడ ఉంచి, రెంటిని ఒక్క పూటలో చూచు అవకాశమును ప్రేక్షకునకు కల్పింపవలెను.