ఇంటి వద్ద పాలియేటివ్ కేర్ (వరంగల్)

క్యాన్సర్, పక్షవాతం, గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం వంటి వాటితో మంచం పట్టినవారికి నొప్పి, ఆయాసం, పుండ్లు, దిగులు తగ్గించడానికి ఇంటికే వచ్చి చేసే వైద్యాన్ని ఇంటి వద్ద పాలియేటివ్ కేర్ అంటారు. జబ్బుకు అసలు చికిత్స సాగుతుండగానే దీన్నీ మొదలుపెట్టవచ్చు. చివరి రోజుల్లోనే ఇదని అనుకోవడం వల్ల చాలామంది తగ్గించగల నొప్పిని నెలల తరబడి భరిస్తున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2012లో జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమాన్ని తెచ్చింది. తెలంగాణలో హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఈ వైద్యానికి పెద్ద దిక్కు. చేవెళ్లలో మొదలైన ప్రభుత్వ కేంద్రాలు తర్వాత వరంగల్ సహా ఇతర జిల్లాలకు విస్తరించాయి. ఇళ్లకు వెళ్లే సేవకు ‘ఆలన’ అని పేరు.

ఇంటికి వెళ్లిన నర్సు నొప్పి ఎంతుందో అడిగి, రోగిని పక్కకు తిప్పి నడుము కింద, మడమల దగ్గర చర్మం చూస్తుంది. అక్కడ ఎర్రబడితే మంచం పుండు మొదలవుతున్నట్టే. మూత్రం పైపు, ముక్కు గొట్టం మార్చడం, నోరు శుభ్రం చేయడం కూడా ఆమె పనే. పొగాకు నమిలేవారిలో నోటి క్యాన్సర్ పుండ్లు మరో బాధ. దుర్వాసనకు అయినవాళ్లే దూరంగా కూర్చుంటారు. మెట్రోనిడజోల్ మాత్రలను పొడిచేసి పుండుపై చల్లితే వాసన బాగా తగ్గుతుంది. కొద్ది రూపాయల ఖర్చుతో మనవలు మళ్లీ మంచం దగ్గరికి వస్తారు.

నర్సు రాని మిగతా రోజుల్లో వైద్యం ఇంట్లోవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం, పుండు కడిగి కట్టు కట్టడం వారికి చేసి చూపించి నేర్పాలి. ఈ భారం ఎక్కువగా భార్య మీదో కోడలి మీదో పడుతుంది. ఆమె నిద్ర, ఆమె కూలి గురించి అడగని బృందం సగం పనే చేసినట్టు.

తీవ్రమైన నొప్పికి ముఖ్యమైన మందు మార్ఫిన్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం దాన్ని రోగులకు దాదాపు అందకుండా చేసింది. 2014 సవరణతో గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని తెప్పించుకోవడం సులువైంది. మామూలు మార్ఫిన్ మాత్రను నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి వేయాలి, దానితో వచ్చే మలబద్ధకానికి మందూ తోడుగా ఇవ్వాలి. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే వ్యసనమయ్యే ప్రమాదం చాలా తక్కువ. మాత్రలు జిల్లాలోనే దొరకడం అన్నిటికంటే అవసరం. లేకపోతే హైదరాబాద్ వెళ్లాలి, వరంగల్ నుంచి అక్కడికి రానూపోనూ దాదాపు 300 కిలోమీటర్లు. కూలి మీద బతికే ఇల్లు ఆ ప్రయాణాన్ని నెలనెలా మోయలేదు.