షోలాపూర్‌లో తంగేడు: మనం మోసుకురాని పువ్వు



ఎంగిలిపూల బతుకమ్మ దగ్గర పడితే చాలు, మన వాడల్లో ఒకటే ప్రశ్న: తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుంది? మన ముత్తాతలకు ఈ చింత లేదు. ఎందుకు లేదో ఒకసారి గుర్తు చేసుకుందాం.

మన పెద్దలు నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుంచి కరువులకు తట్టుకోలేక, బతుకుదెరువు వెతుక్కుంటూ ఇటు వచ్చారు. 1860లో షోలాపూర్‌కు రైలు వచ్చింది. 1877లో మొదటి మిల్లు, అందరూ జూనీ మిల్లు అనేది, మొదలైంది. నేత తెలిసిన చేతికి పని దొరికింది. సాఖర్‌పేట, దాజీపేట, అశోక్ చౌక్ మన వాడలయ్యాయి. మన వాళ్లు మార్కండేయుణ్ణి, మాటను, బతుకమ్మను వెంట తెచ్చుకున్నారు. తంగేడును మాత్రం తేనక్కర లేకపోయింది. అది ఇక్కడి బీళ్లలో అప్పటికే ఉంది.

మరాఠీ ఇరుగుపొరుగు దాన్ని తర్వడ్ అంటారు. నవరాత్రుల్లో ఘటానికి ఆ పూలదండ వేలాడదీస్తారు. మనం బతుకమ్మలో పేర్చే పువ్వే అది, అవే రోజుల్లో. గునుగు కూడా అంతే. జొన్నచేలలో కలుపుగా మొలిచే దాన్ని వాళ్లు కుర్డూ అంటారు. భాష మారినా దక్కను నేల ఒక్కటే కదా!

చలిదేశాల తోటల్లో జెరేనియం అనే మొక్కకు మంచి పేరుంది. మంచుకాలంలో ఆకు ఎండినా వేరు బతికే ఉండి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. మన తంగేడుదీ అలాంటి గట్టి ప్రాణమే, కాకపోతే ఎండను ఓర్చుకుంటుంది. వేరు లోతుకు దిగుతుంది. కొమ్మ విరిచినా చిగురిస్తుంది. దాని బెరడు తోళ్లు పదును చేయడానికి పనికొచ్చేది. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది.

అయితే మన ఇళ్లలో చోటెక్కడిది? ఉన్న గది మగ్గానికి, ఉన్న వీధి పడుగుకు సరిపోయేది. గడప పక్కన తులసి కుండీ, అంతే. పువ్వు ఊరిబయటి బీడు నుంచే వచ్చేది. ఇప్పుడు ఆ బీళ్లలో ఇళ్లు లేచాయి. మిగిలినచోట మనమే కొమ్మలకు కొమ్మలు విరిచేస్తే విత్తనం ఎక్కడ మిగులుతుంది?

కుంభారిలో బీడీ కార్మిక మహిళల కోసం కట్టిన గోదూతాయి పరుళేకర్ నగర్ 2006లో ప్రారంభమైంది. సుమారు పది వేల ఇళ్లు. అక్కడ మన అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. గోడ వెంట జానెడు నేల ఉన్నా తంగేడుకు చాలు.

ఎండిన కాయల గింజలు దాచండి. గింజ పైతొక్క గట్టిది, కాబట్టి వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వండి. తొలకరికి ఎండ బాగా తగిలేచోట నేరుగా నాటండి. తల్లివేరు తెగితే బతకడం కష్టం కనుక తరువాత పీకి మార్చకండి. మొదటి ఏడు కాసిన్ని నీళ్లు పోయండి. ఆ తర్వాత మన నల్లా నాలుగు రోజులకోసారి వచ్చినా దానికి ఫికరు లేదు. దసరా వెళ్లాక కొమ్మలు కొంచెం కత్తిరించి, విత్తనానికి రెండు కొమ్మలు వదిలేయండి.

పండుగను మన తాతముత్తాతలు మోసుకొచ్చారు. పువ్వును ఈ నేల ఇచ్చింది. ఇక దాన్ని నిలబెట్టడం మన వంతు.