అక్టోబరు 1: కర్నూలు మరువరాని రోజు



గాంధీ జయంతికి ముందురోజు కావడం వల్ల అక్టోబరు 1వ తేదీపై చాలామంది దృష్టి నిలవదు. కర్నూలు, కడప వాసులు మాత్రం ఈ తేదీని మరువరాదు. 1953లో ఈ రోజుననే పదకొండు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. కర్నూలు దానికి రాజధాని అయింది. ప్రధాని నెహ్రూ రాష్ట్రాన్ని ప్రారంభించగా టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆనాడే ఆంధ్రలో చేరాయి.

రాజధాని రాయలసీమకు రావడానికి మూలం 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహం పేరే శ్రీబాగ్. తలనొప్పికి మనం రాసుకునే అమృతాంజనాన్ని అందించినవారు ఆయనే. చాలినన్ని భవనాలు లేక కర్నూలులో ప్రభుత్వ కార్యాలయాలు గుడారాలలోనూ నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. కర్నూలుకు దక్కిన ఆ వైభవం మూడేళ్ళ ఒక నెల మాత్రమే.

ఆ రాష్ట్రం వెనుక ఒక మనిషి దేహత్యాగం ఉంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు నిరాహారదీక్ష ఆరంభించారు. ఆహారం అందనప్పుడు శరీరం ముందుగా కాలేయంలో దాచుకున్న చక్కెరను వాడుకుంటుంది. అది ఒకటి రెండు రోజులలో తరిగిపోతుంది. ఆపై కొవ్వు కరుగుతుంది. చివరకు కండరాలు, వాటితోపాటు గుండె కండరమూ క్షీణిస్తాయి. ఆయన 58 రోజులు ఆ బాధను భరించి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు.

ఇదే తేదీకి వైద్యరంగంలోనూ ఒక విశిష్టత ఉంది. మన దేశంలో స్వచ్ఛంద రక్తదానానికి బాటలు వేసిన డాక్టర్ జె.జి. జాలీ 1926 అక్టోబరు 1న జన్మించారు. 1975 నుండి ఈ రోజును జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినంగా జరుపుకుంటున్నాము. ఒకప్పుడు పేదలు డబ్బు కోసం రక్తం అమ్ముకునేవారు. సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుండి ఆ వ్యాపారం నిషిద్ధమైంది. అంటే నేడు రక్తనిధిలోని ప్రతి సీసా వెనుకా డబ్బు ఆశించని ఒక దాత ఉండి తీరాలి.

ప్రజల కోసం శ్రీరాములుగారు ప్రాణమే ఇచ్చారు. మనం ఇవ్వవలసింది 350 మిల్లీలీటర్ల రక్తం మాత్రమే. 18 నుండి 65 ఏళ్ళ లోపువారై, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు వైద్యుని పరీక్ష తరువాత రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చును. రక్తం ఇస్తే నీరసించిపోతామన్న భయం నిరాధారం. తగ్గిన ద్రవం ఒకటి రెండు రోజులలోనే భర్తీ అవుతుంది. ఎర్ర రక్తకణాలు కొన్ని వారాలలో తిరిగి తయారవుతాయి. కాన్పు సమయంలో రక్తస్రావమైన తల్లికి, రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకునికి ఆ సీసాయే ప్రాణభిక్ష. ఎర్రకణాలను ఐదారు వారాలకు మించి నిల్వ ఉంచలేము. అందుచేత ఏడాదికొక శిబిరం చాలదు, దాతలు ఏడాది పొడవునా రావాలి.

మరొక మాట. ఐక్యరాజ్యసమితి 1990లో తీర్మానించి, 1991 నుండి అక్టోబరు 1ని అంతర్జాతీయ వృద్ధుల దినంగా పాటిస్తున్నది. 1953లో కర్నూలు గుడారాలను చూసిన బాలురు నేడు ఎనభై ఏళ్ళ పెద్దలు. వారికి రక్తదానం చేసే వయస్సు దాటిపోయింది. వారి చెంత కూర్చుని ఆనాటి కర్నూలు ముచ్చట్లు అడగండి. మాటల మధ్య రక్తపోటు, చక్కెర పరీక్ష చేయించుకున్నారో లేదో కూడా విచారించండి. ఆ తరువాత దగ్గరలోని రక్తనిధికి వెళ్ళి మీ పేరు నమోదు చేయించుకోండి.