లైవ్ వాణిజ్యం

ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష వీడియో ప్రసారం చేస్తూ, చూసేవారి ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబిస్తూ సరుకునో సేవనో అమ్ముకునే పద్ధతి. దీన్ని పెద్ద పరిశ్రమగా మలిచింది చైనా. అలీబాబా సంస్థ 2016లో తావోబావో లైవ్‌ను ప్రారంభించింది. లిప్‌స్టిక్‌లను తన పెదవులకే పూసుకుని చూపిన లీ జియాచీ అనే యువకుడు దానితోనే దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. మరో ప్రముఖ విక్రేత వియాను పన్ను ఎగవేతకు గాను బకాయిలు, జరిమానా కలిపి 134 కోట్ల యువాన్లు కట్టమని 2021 డిసెంబరులో అధికారులు ఆదేశించారు. ఇందులో తిరిగే డబ్బెంతో దాన్నిబట్టే ఊహించవచ్చు! ఫేస్‌బుక్ మాత్రం తన లైవ్ షాపింగ్ సదుపాయాన్ని 2022 అక్టోబరు 1న ఎత్తేసింది. మామూలు లైవ్ కొనసాగుతోంది.

తెలుగునాట దీన్ని బాగా వాడుకున్నవారు చీరల వ్యాపారులు. అంచు, కొంగు విప్పి చూపుతారు, ధర చెబుతారు. నచ్చినవారు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతారు. ముందు పంపినవారిదే చీర. కెమెరాలో రంగు తేడాగా కనిపించడం దీనికున్న పెద్ద లోపం, మంచి లైట్లు పెట్టినా అది పూర్తిగా పోదు. డబ్బు సాధారణంగా ముందే కట్టాలి. పార్సిల్ విప్పుతూ తీసిన వీడియో ఉంటేనే చిరిగిన చీరను వెనక్కి తీసుకుంటామని చాలామంది షరతు పెడతారు.