పన్నెండణాల నొప్పి

రాత్రి రెండు దాటింది. జగిత్యాలలో ఓ ఆస్పత్రి, ఎముకల వార్డు. మీరు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ పక్కనే మంచం, మంచం మీద కోరుట్ల అవ్వ. వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. నిన్న మధ్యాహ్నం రాడ్డు వేశారు. నడుముకు ఇచ్చిన మత్తు సాయంత్రానికే దిగిపోయింది.

అవ్వ మూలగడం లేదు. "ఎంత ఓపికనో" అని పక్క మంచం వాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఆమె చేతుల్ని చూడండి. ఎడమ చేతి పిడికిట్లో దుప్పటి అంచు నలిగి ముద్దయింది. ఊపిరి గొంతు దాకా వచ్చి తిరిగిపోతున్నది, ఛాతీ సరిగా లేవడం లేదు. తలాపున మూడు గోళీల డబ్బా ఉంది. పైపు నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే గోళీలు ఒక్కొక్కటే పైకి లేవాలి. సాయంత్రం నుంచి మొదటి గోళీ కూడా కదల్లేదు.

"దగ్గవే అత్తమ్మా, కఫం బయటవడతది" అంటుంది కోడలు.

"దగ్గితే పానం పోతది బిడ్డా."

అక్కడే మొదలవుతుంది అసలు ప్రమాదం. నిండా ఊపిరి తీయకపోతే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, కఫం పేరుకుంటుంది, న్యుమోనియాకు దారి పడుతుంది. కాలు కదపకపోతే పిక్కలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే ప్రాణం నిలపడమే కష్టం. నొప్పికి బీపీ ఎగుస్తుంది, గుండె పరుగెత్తుతుంది. మనం ఓపిక అని మెచ్చుకునేది చాలాసార్లు ఇదే.

మూడు గంటలకు అవ్వ కళ్లు తెరిచి ఎటో చూస్తుంది. "చాట యాడ వెట్టినవే? ఆకు తడపలే." కుడి చేతి వేళ్లు దుప్పటి మీద ఉత్త బీడీ చుడుతున్నాయి. తునికాకు లేదు, తంబాకు లేదు, దారం లేదు. బొటనవేలు మాత్రం మడత నొక్కుతూనే ఉంది. ఎన్నేళ్ల అలవాటో! "మతి తప్పింది, ముసలితనం" అని ఎవరో సర్దిచెబుతారు. ఒప్పుకోకండి. వయసు పైబడిన వాళ్లకు ఆపరేషన్ తర్వాత వచ్చే ఈ తికమకకు కారణాలు చాలా ఉంటాయి: ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, సోడియం తగ్గడం. నిద్ర పట్టనివ్వని నొప్పి కూడా అందులో ఒకటి. డాక్టర్ని లేపాల్సిన సమయం ఇది.

తెల్లారాక అవ్వ కాస్త తేటపడింది. కొత్తగా డ్యూటీకొచ్చిన నర్సు సున్నా నుంచి పది వరకు లెక్క అడగలేదు.

"రూపాయిల ఎన్నణాలున్నదే అవ్వా నొప్పి?"

"పండుకుంటే నాలుగణాలే. కాలు కదిలిస్తే పన్నెండణాలు."

"మరి అడగకపోతివి?"

"అడిగితే ఏమనుకుంటరో అని."

ఆ రెండో అంకె కోసమే నర్సు ఆగింది. పడుకున్నప్పటి నొప్పిని రాసుకుని పోతే లాభం లేదు. దగ్గినప్పుడు, లేచి కూర్చున్నప్పుడు ఎంతుందో అదే లెక్క. ఇప్పుడు పారాసిటమాల్ అడిగితే ఇచ్చే మందు కాదు, గడియారం చూసి ఇచ్చే మందు. తుంటి దగ్గరి నరం చుట్టూ మత్తు సూది వేశారు. ఒకే మందు ఎక్కువ మోతాదులో కాకుండా, వేర్వేరు దారుల్లో పనిచేసే మందులు కొంచెం కొంచెం కలిపి ఇచ్చే ఈ పద్ధతిని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలోనే గట్టిగా ముందుకు తెచ్చాడు. పదకొండింటికి మొదటి గోళీ లేచింది. కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఘాటైన మందుల సంగతి వేరే. 1985 నాటి మత్తుమందుల చట్టం లైసెన్సుల చిక్కులతో మార్ఫిన్‌ను ఆస్పత్రులకు దూరం చేసింది. 2014 సవరణ ఆ ముడి కొంత విప్పింది. కానీ భయం ఇంకా పోలేదు.

డిశ్చార్జ్ అయ్యాక ఆటో అరవై మూడో నంబరు జాతీయ రహదారి మీద కోరుట్ల వైపు సాగుతుంది. ప్రతి గుంతకూ అవ్వ పెదవి కొరుకుతుంది. ఇంటికి చేరాక ఇంకో గండం ఉంది. నొప్పి ఆగకపోతే వాడకట్టులో రోజుకో డైక్లోఫెనాక్ సూది దొరుకుతుంది. బీపీ, షుగర్ ఉన్న ముసలి ఒంట్లో అది కిడ్నీలను, కడుపును దెబ్బతీయగలదు. పేరు లేని పొట్లంలో స్టెరాయిడ్ గోలీ కలిసిందంటే కుట్లు మానవు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది. ఆమెకు కావలసింది కాగితం మీద మూడు పూటల మందులు, ఎప్పుడు ఆపాలో ఒక తేదీ, ఫోనెత్తే ఒక మనిషి.

అక్కడి నుంచి సిరిసిల్లకు రండి. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడుకు మాట వినబడదు. గుమ్మం దగ్గర స్టూలు మీద ఒకాయన, కుడి మోకాలు ముందుకు చాచి. బండి మీద నుంచి పడితే మోకాలి కింద ఎముక చితికి ప్లేటు వేశారు. ఎముక అతికింది. మోకాలే మడత పడదు. మొదటి వారాల్లో వంచినప్పుడల్లా కళ్లు బైర్లు కమ్మేవట, ఫిజియోథెరపీ మానేశాడు. కండరం, కీలు లోపల బిగుసుకుపోయాయి. తెగిన పోగు అతకడానికి వంగాలి, కండె మార్చడానికి సాంచాల మధ్య గబగబా తిరగాలి. నేసిన మీటర్లకే కూలి. నాలుగు నెలలుగా ఆయన సాంచాలను వేరే అతను నడుపుతున్నాడు.

ఈసారి డాక్టరు గోలీ వేళ మార్చాడు. కసరత్తుకు ముప్పావు గంట ముందు. ఫిజియో చేయి మోకాలి కింద ఆనింది. "ఆపమంటే ఆపుతా అన్నా, చెప్పాలె మరి."

మడమ మంచం మీద జారుతోంది. ఆయన పళ్లు బిగించాడు. మళ్లీ వదిలాడు. "ఇగ ఆపు" అన్నాడు. ఫిజియో ఆపాడు, కొలబద్ద పెట్టి చూశాడు. నిన్న యాభై డిగ్రీలు. ఇవాళ యాభై ఎనిమిది.