కాలమ్‌లో లేని మనిషి

పుట్టింది 2020 అక్టోబరు 29న, మేడ్చల్ జిల్లా మూడుచింతలపల్లిలో. పేరు ధరణి, తెలంగాణ ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు స్వయంగా ప్రారంభించారు. నిజానికి దసరా నాడే, అక్టోబరు 25నే రావలసింది, నాలుగు రోజులు ఆలస్యమైంది. పోయింది 2025 ఏప్రిల్ 14న. నాలుగున్నరేళ్ళు కూడా నిండలేదు. ఆ కొద్దికాలం తెలంగాణలో దాదాపు కోటిన్నర ఎకరాల జాతకం దాని చేతిలో ఉంది. పోయినప్పుడు ఏడ్చినవాళ్ళు పెద్దగా లేరు. నేను కొంచెం బాధపడ్డాను. అది ఏ జబ్బుతో పోయిందో నాకు తెలుసు. మా వృత్తిలో తరచూ చూసే జబ్బే.

నేను సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి కాను. రాసేవాళ్ళకంటే ముందు వెళ్ళి, ఎవరికి ఏం కావాలో అడిగి, రాసుకొచ్చేవాణ్ణి. మా భాషలో దాన్ని రిక్వైర్‌మెంట్స్ గ్యాదరింగ్ అంటారు. ఇంట్లోవాళ్ళకు ఈ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అర్థం కాలేదు. "అడుగుడు గూడ ఒక నౌకరేనారా?" అనేది మా అమ్మ. ధరణి కథ తెలిశాక, అవునమ్మా, అదే అసలు నౌకరీ అని చెప్పాలనిపించింది.

మాది దౌల్తాబాద్ మండలం, కొడంగల్ తట్టు. 1956 దాకా ఈ నేల గుల్బర్గా జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మారినప్పుడు మహబూబ్‌నగర్‌కు వచ్చింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్‌కు పోయింది. చెల్కలు ఉన్నచోటే ఉన్నాయి, కాగితాలే జిల్లా కచేరీలు తిరిగాయి. ఆ కాగితాల పేర్లు మా పెద్దలకు దేవుళ్ళ పేర్లలా నోటికి వచ్చేవి: సేత్వార్, ఫైసల్ పట్టీ, చేసాల పహాణీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పహాణీలో పట్టాదారు పేరు ఒక కాలమ్‌లో, అనుభవదారు పేరు ఇంకో కాలమ్‌లో ఉండేది. భూమి ఎవరిదన్నది మొదటిది చెబుతుంది, నాగలి ఎవరిదన్నది రెండోది చెబుతుంది. ఊళ్ళో ఈ రెండు పేర్లూ ఒకటే కావాలన్న నియమమేమీ లేదు. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకుంటారు. ఒకరు తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకుని కొంటారు. ఇంకొకరు పెళ్ళాం పిల్లలతో ముంబైకో పూణేకో కూలికి పోతూ చేను మేనమామకు అప్పజెబుతారు. ఇవన్నీ ఆ రెండో కాలమ్‌లో బతికేవి.

ధరణిలో ఆ రెండో కాలమ్ లేదు. పాత అనుభవదారుల పేర్లు అడ్డం పెట్టుకుని పట్టాదార్లను ఇబ్బంది పెడుతున్నారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అందులో కొంత నిజముంది. కానీ పంటలో పురుగు పడిందని చేనుకు నిప్పు పెట్టరు కదా.

ఇది ఎక్కడ మొదలైందో చూడాలంటే మూడేళ్ళు వెనక్కి పోవాలి. 2017 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 31 దాకా భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. వంద రోజుల పని. వెనువెంటనే 2018 మే 10న రైతుబంధు వచ్చింది, ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. ఆ తొందర అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: పైసలు ఎవరికి వెయ్యాలి? ఆ ప్రశ్నకు జవాబు ఒక పేరు చాలు. భూమి ఎవరిది, ఎవరి దగ్గరుంది, ఎట్లా వచ్చింది అన్న ప్రశ్నలకు ఒక పేరు చాలదు. ధరణి కూర్చున్నది మొదటి ప్రశ్నకు సేకరించిన జవాబు మీద. తగాదా ఉందన్నవన్నీ పార్ట్-బి అనే సంచిలో వేశారు, లక్షల ఎకరాలు. పనిమీద ముంబైలో ఉన్నవాడి పేరు ఆ వంద రోజుల్లో ఎవరు ఏం చెబితే అదే అయింది.

ఆ తర్వాత 2020 సెప్టెంబరు. తారీఖులు వరసగా పెట్టి చూస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. 7న గ్రామ రెవెన్యూ అధికారుల, అంటే వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఆ ఒక్కరోజులోనే అప్పజెప్పమన్నారు. 8న రిజిస్ట్రేషన్లు ఆపారు. 9న శాసనసభలో బిల్లులు పెట్టారు, వీఆర్వో వ్యవస్థ రద్దు, కొత్త పాస్‌బుక్ చట్టం. సభ రెండు రోజుల్లో ఆమోదించింది. ఏడు వారాల్లో ధరణి.

వీఆర్వోలు పోయినందుకు ఊళ్ళల్లో టపాకాయలు కాల్చారు. నేనూ హైదరాబాద్‌లో కూర్చుని చప్పట్లు కొట్టినవాణ్ణే. కోపానికి కారణాలు తక్కువేం కాదు. ముందటేడు నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె ఆఫీసులోనే సజీవదహనం చేశారు, దాని వెనుక ఉన్నది భూమి గొడవే. 2020 ఆగస్టులో కీసర తహసీల్దారు కోటీ పది లక్షల లంచం కేసులో దొరికాడు. కాగితం పట్టుకుని తిరిగి తిరిగి చెప్పులరిగిన జనం. చేయి తడపనిదే పేరు మారని రోజులు. అయితే ఏ గట్టు ఎవరిదో, ఏ సర్వే నంబరులో ఏ అన్న ఏ తమ్ముడికి ఎంత ఇచ్చాడో తెలిసిన ఐదు వేల పైచిలుకు మంది కూడా వాళ్ళే. లంచం తిన్నవాడూ వాడే, గట్టు ఎరిగినవాడూ వాడే. వాణ్ణి అడిగి రాసుకుని పంపవలసింది. అడక్కుండానే పంపారు. 2022 ఆగస్టులో వాళ్ళను లాటరీ తీసి వేరే శాఖలకు పంచారు. గట్లు ఎరిగినవాళ్ళు భూమితో సంబంధం లేని బల్లల ముందు కూర్చున్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కింద ఒక ఎరువుల వ్యాపారికి గోదాము లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం రిక్వైర్‌మెంట్స్ రాశాను. మేనేజర్లు నలుగురిని అడిగాను. వందకు పైగా పేజీలు రాశాను, సంతకాలు పెట్టించుకున్నాను. గో-లైవ్ అయిన రెండో రోజే స్టాకు లెక్క తేలలేదు. గోదాము గుమాస్తా పొడుగాటి నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. చివరన పెన్సిలుతో గీసిన సన్నటి గడి, పైన ఒకటే అక్షరం, "త". తడిసినవి. వానకు తడిసిన బస్తాలు అటు సరుకూ కాదు, ఇటు నష్టమూ కాదు, ఆరబెట్టి మళ్ళీ లెక్కలో వేస్తారు. "నన్నడిగితే చెప్పేటోణ్ణి గద సార్" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. అక్కడ పోయింది బస్తాలు, సరిచేసుకున్నాం. భూమి బస్తా కాదు.

ధరణికి మంచి గుణం లేదనను. అంతకు ముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, పేరు మార్పిడి ఇంకో ఆఫీసులో, మధ్యలో నెలలు. ధరణిలో 570 తహసీల్దారు ఆఫీసుల్లోనే రిజిస్ట్రేషన్ జరిగేది, కూర్చున్న చోటనే పేరు మారేది. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి అది వరం. పొద్దున స్లాటుకు పోయి మధ్యాహ్నం బువ్వకు ఇంటికొచ్చినవాళ్ళు ఉన్నారు. రికార్డులో ఒక అక్షరం తేడా ఉన్నవాడికి మాత్రం అదే ఇనుప తలుపు.

ఆ రోజుల్లో మీసేవ సెంటర్ల ముందు ఇలాంటి మాటలే వినపడేవి.

"తాతా, నీ పాస్‌బుక్కుల ఎకరం ముప్పై గుంటలే ఉన్నది."

"గదెట్ల బిడ్డా? మూడెకరాల పది గుంటలు దున్నుతున్న గద."

"నువ్వు దున్నేది కంప్యూటర్‌కు ఎట్ల తెలుస్తది తాతా? టీఎం ముప్పైమూడు పెట్టాలె."

"గదేం కంది విత్తనమా బిడ్డా?"

నవ్వొస్తుంది. మా తాండూరు తట్టు కందులకు నంబర్ల పేర్లు ఉంటాయి కాబట్టి అడిగాడు. టీఎం-33 అంటే పాస్‌బుక్కులో తప్పులు దిద్దుకునే దరఖాస్తు. టీఎం-15 నిషేధిత జాబితాలో పడ్డ భూమిని బయటకు తీసేందుకు. ఆ ఎకరన్నర ఎక్కడ మాయమైందో చెప్పగలిగిన మనిషి ఊళ్ళో లేడు. మండలంలో తహసీల్దారు ఉన్నా దిద్దే అధికారం లేదు. జిల్లా కలెక్టరు ఒప్పుకోవాలి. పైకి అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. తాత చేలో కంది పూతకొచ్చింది, కోశారు, మళ్ళీ విత్తారు. ఫైలు మాత్రం అక్కడే.

మొదట్లో అమ్మకం, దానం, పంపకం, వారసత్వం వంటి కొద్ది పనులకే వీలుండేది. తర్వాత ఒక్కొక్కటే కలిపారు. ఆధార్ లేని, విదేశాల్లో ఉన్న తెలుగువాడు ఏం చెయ్యాలి? కంపెనీ పేరున ఉన్న భూమి? కోర్టు తీర్పు వస్తే? ఇలా మాడ్యూళ్ళు 33 అయ్యాయి. ఆ 33 పేర్లనూ మా వృత్తివాడు ఎవడైనా వరసగా చదివితే తెలిసిపోతుంది, అవి ముందు అడగని ప్రశ్నలు. ఒక్కో మాడ్యూలు వెనుక నెలల తరబడి తిరిగిన కొన్ని వేల మంది ఉన్నారు.

చట్టంలోనూ అదే. సాదాబైనామాలు క్రమబద్ధం చేస్తామంటే 2020 అక్టోబరు, నవంబరుల్లో దాదాపు 9 లక్షల దరఖాస్తులు వచ్చాయి. పాత చట్టం రద్దయింది, కొత్త చట్టంలో ఆ వీలే పెట్టలేదు. హైకోర్టు ఆపింది. ఇళ్ళు, ప్లాట్లనూ ధరణిలోకి తేబోతే ఆధార్, కులం వివరాలు అడగడం దగ్గర కోర్టులో చిక్కుపడింది. ఆ ఏడు డిసెంబరులోనే అవి 1998 నాటి కార్డ్ రిజిస్ట్రేషన్ విధానానికి తిరిగిపోయాయి.

సాఫ్ట్‌వేర్ కట్టిన కంపెనీదీ ఒక కథే. పని ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ టెక్నాలజీస్ చేతిలో ఉండేది. 2018లో దాని మాతృసంస్థ అప్పుల్లో కూలింది, తర్వాత కంపెనీ పేరు టెర్రాసిస్ అయింది. తప్పంతా కంపెనీదే అనడం నాకు నచ్చదు. అడిగింది కట్టి ఇస్తారు. ఏం అడగాలో కొనేవాడికి తెలియాలి.

మా ఊరి నుంచి సరిహద్దు దాటితే కర్ణాటకలో సేడం తాలూకా. అక్కడ 2001 నాటికే భూమి ప్రాజెక్టు వచ్చింది, రెండు కోట్ల పహాణీలు కంప్యూటర్‌కెక్కాయి. ఎక్కించిన వివరాలు అచ్చు వేసి ఊరి లెక్కల మనిషి చేతనే సరిచూయించారు. సాగుదారు కాలమ్ తీసెయ్యలేదు. వాళ్ళకూ తగాదాలున్నాయి, లంచాలున్నాయి. కానీ ఎవరు దున్నుతున్నారన్న సంగతి కంప్యూటర్‌కు తెలుసు. ఒకప్పుడు మేమూ వాళ్ళూ ఒకే జిల్లా.

2023 ఎన్నికల్లో ధరణిని బంగాళాఖాతంలో కలుపుతామన్నది కాంగ్రెస్. కలుపుతామన్నవాళ్ళనే బంగాళాఖాతంలో వేయమన్నారు కేసీఆర్. ఒక వెబ్‌సైటు మీద అంత పెద్ద ఎన్నికల కొట్లాట ఇంకెక్కడైనా జరిగిందో లేదో. డిసెంబరు 3న ఫలితాలొచ్చాయి. మా కొడంగల్ ఎమ్మెల్యే రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 2024 జనవరిలో కోదండరెడ్డి, భూచట్టాల నిపుణుడు సునీల్ కుమార్, రేమండ్ పీటర్ తదితరులతో కమిటీ వేశారు. అప్పటికి పెండింగులో ఉన్న దరఖాస్తులు 2.45 లక్షలు. దిద్దే అధికారం తహసీల్దారుకు, ఆర్డీవోకు కొంత కొంత పంచారు. డిసెంబరు 1 నుంచి నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐసీ చేతికి పోయింది. అదే నెలలో ధరణి స్థానంలో భూభారతి బిల్లు, 2025 ఏప్రిల్ 14న కొత్త పోర్టల్. 33 మాడ్యూళ్ళు ఆరయ్యాయి. మొదట ప్రయత్నించి చూసిన నాలుగు మండలాల్లో ఒకటి మా పొరుగు మద్దూరు. ఒకేసారి రాష్ట్రమంతా తెరవకుండా నాలుగు చోట్ల చూసుకున్నారు. ఐదేళ్ళ ముందు ఆ పాటి ఓపిక ఉంటే ధరణి బతికేదేమో. సెప్టెంబరులో ఊళ్ళకు మళ్ళీ పాలనాధికారులను ఇచ్చారు. పరీక్ష రాసి వచ్చిన పాత వీఆర్వోలు, వాళ్ళ సహాయకులైన వీఆర్ఏలే.

అంతకు ముందు, జూన్ 3 నుంచి 20 దాకా ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ వారం నేను ఊళ్ళోనే ఉన్నాను. తొలకరి పడింది, కంది విత్తేందుకు జనం తొందరలో ఉన్నారు. చావడి నాపబండల మీద బల్ల వేసుకుని కూర్చున్నారు. చాలాసేపు వరసలో నిలబడ్డ ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవరులోంచి మడతలు చిరిగిన పహాణీ నకలు తీసి బల్ల మీద పెట్టాడు. అవతల కూర్చున్న పిల్లగాడు చదివి తలెత్తాడు.

"చెన్ల ఎవరున్నరు పెద్దనాయిన?"

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాలున్నవాణ్ణి అడుగుతున్నారేమోనని. మళ్ళీ ఇటు తిరిగాడు.

"నేనే ఉన్న" అన్నాడు.